గంగాధరం నేసిన చీర

“గుంత యాల అంత పైకుండాది? మోకాళ్ళు గడ్డానికి తగుల్తాండాయి నీకు,” అని కృష్ణమ్మ నవ్వింది.

గంగాధరం మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కుక్కినట్టు కూర్చున్నాడు. మనిషి వాకిలి దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. తాడు లాగితే పేక దారం మోసే నాడె అవతలి అంచుకు పోకుండా దారాల మధ్యలో దిగబడింది.

“చౌడప్ప తప్పు తవ్వినాడు. కింద బండ తగిలిందంట,” అన్నాడు. “అయినా నాకేమి? మా తాత ఒక చేత్తో నేస్తా ఇంకో చేత్తో పులిని అదిలించినాడు.”

“పులి చీర కోసం వచ్చిండెనా?”

“ఆ. రంగు నచ్చక ఎలబారింది.”

“నీ మాటలన్నీ ఇట్లాంటివే. పట్టీలు కాదే, మోకాలిదాకా గజ్జెలే చేయిస్తానని దారంతో నా కాలు కొలుచుకొని పోతివి. యాడ గజ్జెలు?”

“కంసాలి చేస్తాండాడు,” అని అతను మళ్ళీ తాడు లాగాడు.

పుంగనూరులో కిరాణా కొట్టు పెట్టుకుని హాయిగా ఉన్న గంగాధరానికి మొన్న ఉగాదికి నేత సరదా పుట్టింది. మదనపల్లె నీరుగట్టువారిపల్లె నుంచి పాత మగ్గం కొనుక్కొచ్చి, అక్కడి చౌడప్పతోనే వెనక గదిలో గుంత తవ్వించి, పడుగు ఎక్కించాడు. ఊరుకుంటే బాగుండేది. కుప్పంలో మేనకోడలు సుష్మ నిశ్చితార్థంలో లేచి నిలబడి, “పెళ్ళిచీర నా చేత్తో నేసిస్తా,” అనేశాడు. వియ్యాలవారు చప్పట్లు కొట్టారు. చెల్లెలు మునిలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. పెళ్ళికి నెల ఉంది. చీర కాకపోతే పీటల మీద ఆ పిల్లకూ, పందిట్లో తన మొగుడికీ తల ఎత్తుకునే దారి లేదని కృష్ణమ్మ దిగులు.

ఆమె పుట్టిల్లు ఆ నీరుగట్టువారిపల్లే. చిన్నప్పటి నుంచి నాయన మగ్గం మీద చెయ్యి తిరిగింది. కానీ రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చేతికి పని చెప్పమని డాక్టరు అంటే నాలుగు రోజులు బంతి పిసికి, “ఇది సచ్చిన చెయ్యి,” అని కొంగు కింద దాచేసుకుంది. గంగాధరం కోప్పడి, బతిమాలి, చివరికి ఆ మాట ఎత్తడమే మానేశాడు.

ఆ నెలలోనే పనులన్నీ వచ్చి పడ్డాయి. ఎర్రావు ఈనేట్టుంది. మరిది టమోటాలు మదనపల్లె మార్కెట్టుకు తోలాలి. గంగజాతర పందిరి ఇతని నెత్తినే పడింది. పెళ్ళికి వంటవాళ్ళను మాట్లాడ్డానికి గుడుపల్లె పోవాలి.

“ఒక్కదాన్నన్నా వద్దనగూడదా?” అంది కృష్ణమ్మ.

“రానీ, అన్నీ రానీ. ఈ నెల పట్టిన పని ఏదీ వదిలేది లేదు.”

పొద్దున్నే కాసింత నేయడం, బస్సుకు పరుగెత్తడం. అతను పోయాక కృష్ణమ్మ మగ్గం దగ్గరికి వెళ్ళి చూసింది. అంచు పాము నడిచినట్టుంది. దారాలు తప్పిపోయి బట్ట జల్లెడలా ఉంది. నేతగాడి కూతురికి అది అన్నంలో రాయి. ఎడమచేత్తో ఊడదీయడమైతే ఊడదీసింది. మళ్ళీ నేయాలంటే తాడు లాగేదెవరు?

గుంతలోకి దిగింది. కాళ్ళు అడుగున తొక్కే కట్టెల మీద చక్కగా ఆనాయి. బండ తగలడం ఒకందుకు మంచిదే అయిందనుకుంది. కొంగు కింది చేతిని బయటికి తీసి, వేళ్ళను తాడు పిడికి గుడ్డపేలికతో కట్టేసుకుంది. భుజంతో లాగింది. నాడె సగం పోయి ఆగింది. పళ్ళు బిగబట్టి మళ్ళీ లాగింది.

“ఈ చీర మానంగా కుప్పం పోవాల. సస్తే ఆ తర్వాత సస్తా,” అని ఆ చేతికి చెప్పింది.

చప్పుడు విని పక్కింటి పూలమ్మ గోడ మీంచి తొంగిచూసింది. “ఏంది కృష్ణమ్మా ఆ మోత?”

“మజ్జిగ చిలకతాండా.”

“మీ ఆవు ఇంకా ఈనలేదు గదమ్మా?”

“కొన్నపాలులే.”

సాయంత్రం గంగాధరం వచ్చి చీర చూసి మీసం దువ్వాడు. “జానెడు నేసినాననుకుంటి. మూరెడయ్యుండాది. సూసినావా నా చేతి వాటం?”

తన నేత తనకే తెలియని ఈ మొద్దు మనిషిని చూసి కృష్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అట్లే అనుకోనీ, పరువు దక్కితే చాలు. అతను రోజూ తప్పులు నేసి పోవడం, ఆమె ఊడదీసి నేయడం. జాతర అయ్యేసరికి పేలికతో పనిలేకపోయింది. ఎప్పుడు మానేసిందో ఆమెకే గుర్తులేదు.

చివర్లో పెళ్ళిపనులంటూ అతను కుప్పంలోనే ఉండిపోయాడు. పోతూ పోతూ, “పైటచెంగు మిగిలుండాది. వచ్చి నేసుకుంటా. నువ్వు ముట్టుకోవద్దు, చెడిపోతాది,” అన్నాడు.

ఆ మాటకు కృష్ణమ్మకు ఒళ్ళు మండింది. పైటచెంగు పూర్తిచేసే గుంతలోంచి లేచింది.

పెళ్ళిలో సుష్మ చీర పందిరంతా తళతళలాడింది. వియ్యాలవారు చుట్టూ మూగితే గంగాధరం, “నేను బస్సులో కునుకు తీస్తాంటే నా చేతులు ఈడ నేస్తా ఉండె,” అని కోతలు కోస్తున్నాడు. కృష్ణమ్మ కుడిచేత్తో అక్షింతలు వేసి పక్కకొచ్చింది. అక్కడ చౌడప్ప నిలబడి ఉన్నాడు.

“నువ్వు గుంత తప్పు తవ్వినా, ముడుసుకొని కూసోనే అంత చీర నేసినాడప్పా మా ఆయన,” అంది ఏమీ ఎరగనట్టు.

చౌడప్ప ఆమె చేతికేసి చూసి నవ్వాడు.

“ఆయన తెచ్చిన దారం కొలతకే గదమ్మా గుంత తవ్వింది.”