చేయి అందే లోతు

"నల్లది వద్దు బాబూ" అంది కామేశ్వరమ్మ.

ధర్మేందర్ చేతిలో ఉన్న, అద్దాలు అతికించే సిలికాన్ ట్యూబు పక్కన పెట్టాడు. మేడ్చల్ రోడ్డు మీద అతనిది అద్దాల దుకాణం. కిటికీలకు అద్దాలు కోస్తాడు. అడిగినవాళ్లకు అక్వేరియంలు కట్టి ఇస్తాడు.

"నల్లదే గట్టిగుంటదమ్మా. అందరు గదే అడుగుతరు."

"మూలల్లో ఏముందో కనపడదు."

ధర్మేందర్ తెల్లటి ట్యూబు తీశాడు. ఆవిడ తల ఊపింది. పక్కన ఆమె భర్త కృష్ణారావు ఊపిరి పీల్చుకున్నాడు. వాళ్లది కోనసీమ. కొంపల్లిలో కొత్తగా లేచిన కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లోకి ఒక అద్దాల తొట్టి కట్టించుకోవడానికి వచ్చారు.

అద్దాల దగ్గర ఇంకో పేచీ. ఆవిడ ఒక్కో అద్దాన్నీ వెలుతురుకు ఎత్తి పట్టమంది. అద్దం వెనక తన అరచెయ్యి పెట్టి, గీతలు కనపడుతున్నాయా లేదా అని చూసుకుంది. మూడు అద్దాలు పక్కన పెట్టేసింది. వెనక అంటించే సముద్రం బొమ్మ చూపిస్తే మొహం తిప్పేసుకుంది.

"నాలుగు వైపులా కనపడాలి."

"మరి పైన నడుమకు అద్దం పట్టీ ఏస్తమమ్మా. లేకపోతే నీళ్ల బరువుకు పలకలు బయటికి ఉబ్బుతయ్."

"పైన అడ్డం ఏదీ ఉండకూడదు. లోపలికి వెళ్లింది తిరిగి రావాలి."

ధర్మేందర్ ఇంకో పలక ముందుకు జరిపాడు. "సరే, అద్దమే మందంది ఏస్త" అన్నాడు.

"లోతెంత?" అని అడిగాడు.

కామేశ్వరమ్మ గాజులు పైకి తోసుకుని, చెయ్యి బల్ల మీద నిలువుగా ఆనించి, మోచెయ్యి దగ్గర వేలితో చూపించింది. "ఇంత. చెయ్యి పెడితే అడుగు అందాలి."

ధర్మేందర్ నవ్వాడు. "చేపల్ని సూడనీకా అమ్మా, పట్టి పులుసు పెట్టనీకా?"

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

"ఇంట్ల పిలగాడున్నడా?" అని మాట మార్చాడు.

"మా విశ్వకి నీళ్లంటే భయం లేదు" అంది ఆవిడ.

"గదీ సంగతి. చెయ్యి పెడ్తడని లోతు తక్కువ చెప్పిన్రు. అర్థమయింది తియ్."

అంతా కుదిరిందనుకున్నాడు. కాగితం మీద కొలతలు రాసుకుంటూ, "అడుగున పరవనీకి రాళ్లు మాత్రం కొనకున్రి. నేనే తెచ్చిస్త. షామీర్‌పేట చెరువు కాడ మస్తు నున్నటియి దొరుకుతయ్" అన్నాడు.

కామేశ్వరమ్మ లేచి నిలబడింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గబగబా మెట్లు దిగి, బయట ఆగి ఉన్న ఆటోలో కూర్చుంది.

"రాళ్లొద్దు బాబూ. అడుగు ఖాళీగా ఉండనీ" అన్నాడు కృష్ణారావు. గొంతు తగ్గించాడు. "మా ఆవిడ రెండేళ్లయింది పూజగది తలుపు తీసి. దీపం కూడా పెట్టట్లేదు. ఈ తొట్టి తను చెప్పినట్టు కుదిరితే తీస్తానంది. నీ చేతుల్లో ఉంది."

చేపల తొట్టికీ పూజగదికీ లంకె ఏమిటో ధర్మేందర్‌కు బోధపడలేదు. కానీ ఆ తొట్టిని తన ఇంటికి కట్టుకున్నంత జాగ్రత్తగా కట్టాడు.

తీసుకెళ్లి హాల్లో బల్ల మీద దింపిన రోజు, ఆ ఇంట్లో ఒక్క బకెట్‌లోనూ నీళ్లు నిలవ లేకపోవడం చూశాడు. బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. కుళాయి తిప్పి చెంబుతో పట్టి పట్టి తొట్టి నింపారు. గుమ్మం పక్కన ఒక జత బూట్లున్నాయి. దుమ్ము తుడిచి, తాళ్లు ముడేసి ఉన్నాయి. కాలేజీకి పోయే వయసు కుర్రాడివి.

ఇంత పెద్ద పిలగాడు తొట్టిల చెయ్యి పెడ్తడా, అనుకున్నాడు ధర్మేందర్.

కామేశ్వరమ్మ నీళ్లలో చెయ్యి దించింది. వేళ్లు అడుగుకు తగిలాయి. చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత లోపలికి వెళ్లింది. ఎక్కడో బిగుసుకుపోయిన తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. కృష్ణారావు కళ్లు తుడుచుకున్నాడు.

అయినా ఆ ఉత్త నీళ్ల తొట్టి ధర్మేందర్ మనసులోంచి పోలేదు. చేపల్లేని అక్వేరియం ఏం కళ? వారం తిరక్కముందే, ఒక సాయంత్రం, రెండు బంగారు చేపలు కొన్నాడు. నీళ్లు పోసిన కవర్‌లో పెట్టుకుని కొంపల్లి వెళ్లాడు.

కాలనీలో దారి దొరకలేదు. డప్పులు, రంగులు, కేరింతలు. మండపంలోని పెద్ద వినాయకుణ్ణి లారీ ఎక్కిస్తున్నారు. కుర్రాళ్లంతా లారీ మీదే. ఆ ఇంట్లో మాత్రం కిటికీలన్నీ మూసి ఉన్నాయి.

తలుపు ఓరగా ఉంది. "సార్" అని పిలవబోయి ఆగిపోయాడు.

తొట్టి ముందు కామేశ్వరమ్మ నిలబడి ఉంది. రెండు చేతుల్లో జానెడు మట్టి వినాయకుడు. పత్రి, పసుపు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. నెమ్మదిగా నీళ్లలోకి దించింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి వదిలేసింది.

మట్టి కరగడం మొదలైంది. తేటగా ఉన్న నీళ్లు బురదరంగుకు తిరిగాయి. ఆవిడ అద్దం చుట్టూ తిరిగింది. ఒక వైపు నుంచి చూసింది, ఇంకో వైపు నుంచి చూసింది.

"కనపడట్లేదండీ!" అంది. "ఏవండీ, అడుగు కనపడట్లేదు!"

"చెయ్యి పెట్టు కామేశ్వరీ. అందుతుంది" అన్నాడు కృష్ణారావు.

బయట డప్పులు షామీర్‌పేట చెరువు దారి పట్టాయి. ధర్మేందర్ చేతిలో కవరు, కవర్‌లో చేపలు కదులుతున్నాయి.

కామేశ్వరమ్మ మోచేతి దాకా చెయ్యి ముంచి, అడుగంతా, నాలుగు మూలలూ తడిమి తడిమి చూసి, "ఈసారి స్వామి ఒక్కడే మునిగాడండీ, రెండేళ్ల కిందటిలా మన విశ్వని తనతో తీసుకుపోలేదు" అంది.