మామ చెప్పిన తీర్పు

ఆత్మకూరు మతిమరుపు క్లినిక్‌లో డాక్టరు, నర్సు, కౌన్సిలరు మా ఎదుట వరుసగా కూర్చున్నారు. ఊరి తగవులు తీర్చిన మా మామ, ఇదీ పంచాయితీయే అనుకొని కండువా సర్దుకున్నాడు.

"రాత్రిళ్లు నిద్రపోనీడు సార్. పక్క తడుపుతాడు. హోములో పెట్టేస్తాం," అన్నాడు మా ఆయన. ఆ పక్కగుడ్డలు ఉతికేది నేను.

"ఎవర్నిరా?" అన్నాడు మామ, కొడుకును పోల్చుకోలేక.

"మా నాయన్ని."

"నలుగురిలో చెప్పేదానికి సిగ్గులేదంట్రా? నువ్వు పక్క తడిపినప్పుడు మీ నాయన నిన్ను ఏ హోములో పెట్టినాడు?" మామ డాక్టరు వైపు తిరిగాడు. "ఆ ముసలాయన్ని మా ఇంటికి పంపండయ్యా. మా కోడలు ఇంత ముద్ద పెడతాది."

డాక్టరు నన్ను చూశాడు. హోము కోసం నేనే సర్దిన మామ బట్టల సంచి భుజానికెత్తుకున్నాను.

"మా ఇంటికే పంపండి సార్," అని నర్సు వైపు తిరిగాను. "పక్కగుడ్డలు మార్చేది ఆయన కొడుక్కి నేర్పండమ్మా."