సొంత వాడకానికే

“ఆగవయ్యా! అది నా క్యాసెట్టు!”

నరసింహమూర్తిగారు గుమ్మంలోంచే అరిచారు. ఏలూరు పవర్‌పేటలో ఫయాజ్ నడిపే రికార్డింగ్ షాపు అది. ఇళ్ళల్లోకి సీడీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. ఫయాజ్ చేతిలో ఓ పాత క్యాసెట్టు, పక్కన ఖాళీ సీడీ. కౌంటరు ముందు తెల్లచొక్కా, బురద చెప్పులతో ఒకాయన.

క్యాసెట్టు అట్ట మీద తంబూరా పట్టుకున్న నరసింహమూర్తిగారి ఫోటో, కింద ‘మూర్తి గానలహరి’ అని పేరు. కీర్తనలు రాసింది ఆయనే, పాడింది ఆయనే, చేతులు కాల్చుకున్నదీ ఆయనే.

నిజానికి ఆయన వచ్చిన పని వేరు. భుజాన ఉన్న సంచీ నిండా అవే క్యాసెట్లు. ఊరూరా కొట్లలో వేసినవి ఏమయ్యాయో తెలీదు. చుట్టాలకి పంచినవాటి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒక్కరైనా రెండో పాటదాకా వెళ్ళిన దాఖలా లేదు. “అటక మీద అవైనా ఉండాలి, నా ఆవకాయ జాడీలైనా ఉండాలి” అని ఆ పొద్దున్నే భార్య బాలాత్రిపురసుందరి తేల్చి చెప్పేసింది. ఆయన మనసు విరిగిపోయింది. ఫయాజ్‌కి ఇచ్చి పాటలన్నీ చెరిపించేసి, రేపటినుంచి సాధకం కూడా మానేద్దామనే బయల్దేరారు. తన పాట కావాలనేవాడు ఈ భూమ్మీద ఒక్కడూ లేడని ఖాయం చేసుకున్నారు పాపం.

తీరా ఇక్కడికొస్తే ఎవడో ఆ పాటనే కాపీ చేయిస్తున్నాడు! కోపం రావాలో సంతోషం రావాలో తెలియలేదు. అలవాటు కొద్దీ ముందు కోపమే వచ్చింది.

“దీన్ని పైరసీ అంటారు. తెలుసా? లోపలేస్తారు!”

ఫయాజ్ గబుక్కున క్యాసెట్టు కౌంటరు మీద పెట్టేశాడు. “నాకేం తెలీదు మూర్తిగారండీ. సొంత వాడకానికే అన్నారండి రాజుగారు.”

“క్యాసెట్టు నాదేనండి” అన్నాడు బురద చెప్పులాయన. “నా పేరు వెంకట్రాజండి. పెదపాడు దగ్గర చేపల చెరువులండి మాకు. ద్వారకా తిరుమల కొండకింద కొట్లో కొనుక్కున్నాను. దొంగ సరుకు కాదండి బాబూ.”

“మీరు కొన్నది రీలు. అందులో పాట నాది.”

“పాట మీదేనండి, కాదన్నానా? రీలు అరిగిపోయి మొన్న మిషన్లో చుట్టుకుని తెగిపోయింది. సీడీ అయితే అరగదంట కదండీ. నేను కొనుక్కున్నదాన్ని నేనే ఎక్కించుకుంటే తప్పేంటండి?”

ఫయాజ్ తల గోక్కున్నాడు. “తప్పో కాదో ఇద్దరు ప్లీడర్లని అడిగానండి. ఒకాయన పర్లేదన్నారు. ఇంకొకాయన షాపు మూయిస్తారన్నారు. ఇప్పుడు పాట ఓనరుగారు ఎదురుగానే ఉన్నారు. ఆయన ఊ అంటే మనకే గొడవా లేదు కదండీ.”

నరసింహమూర్తిగారు ఇదేమీ వినడంలేదు. ఆయన చెవిలో ఒక్క మాటే తిరుగుతోంది.

“ఏమన్నారూ? అరిగిపోయిందా?”

“ఆయ్. తెల్లారగట్ల మొదలెడితే చీకటిపడేదాకా ఆపమండి.”

“రోజూనా?”

“రోజూనండి. ఆంప్లిఫయరు పెట్టి, గట్టిగా.”

నరసింహమూర్తిగారు స్టూలు లాక్కుని కూర్చుండిపోయారు. “మరి... వేరే పాటలేవైనా పెట్టుకోవచ్చు కదండీ?”

“పెట్టకపోవడమేంటండీ! సినిమా పాటలు పెట్టాం, భజనలు పెట్టాం. రెండ్రోజులకే అలవాటైపోయి ఎందుకూ కొరగాకుండా పోయాయి. మీదొక్కటే అలవాటు కాలేదండి. ఎన్నిసార్లు పెట్టినా మొదటిసారి విన్నట్టే! అందులోనూ మీరు పైకి వెళ్ళి అక్కడే నిలబడిపోతారు చూడండి... ఆ ముక్క కోసమని తిప్పి తిప్పి పెట్టేవాళ్ళం. సరిగ్గా అక్కడే తెగింది.”

తారస్థాయిలో ఆ ముక్క ఆయనకి ప్రాణం. ఇంట్లో అది అందుకున్నప్పుడల్లా సుందరి వంటింటి తలుపు వేసుకునేది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

“పాట ఆగి మూడ్రోజులైందండి. ఇంట్లో ఎవరికీ ముద్ద దిగట్లేదు” అన్నాడు వెంకట్రాజు దిగులుగా. “మీరు కాదంటే మేం మునిగిపోతామండి.”

“కాదని ఎందుకంటానండీ! కానీ ఒక్క షరతు. సొంత వాడకానికే. ఇంకొకరికి కాపీ ఇచ్చారా, ఊరుకోను.”

“చచ్చినా ఇవ్వనండి! కాలవ అవతల చెరువాయన ఒక్క కాపీ, ఒక్క కాపీ అని కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. ఆయనకిస్తే నా గతేం కానండీ?”

రసికుడంటే ఇతనే అనుకున్నారు నరసింహమూర్తిగారు. సంచీలోంచి సీలు విప్పని క్యాసెట్టు తీసి ఫయాజ్ చేతిలో పెట్టారు. “తెగినదాంతో ఏం చేస్తావ్? దీన్నుంచి ఎక్కించు. ఆ పై ముక్క బాగా రావాలి సుమా.”

“అలాగేనండి. మరి ఆ సంచీలోవి చెరపమన్నారు కదండీ ఫోన్లో?”

“ఎవరన్నారు? నోర్ముయ్!”

సంచీ భుజాన వేసుకుని, దారి పొడుగునా కూనిరాగం తీస్తూ ఇంటికి చేరారు. ఆవకాయ జాడీలు ఆయనే స్వయంగా కిందికి దించి, క్యాసెట్లు మళ్ళీ అటకెక్కించారు. “ఇకనుంచి రెండుపూటలా సాధకం” అని ప్రకటించారు. సుందరి తల పట్టుకుంది.

ఆ సాయంత్రం వెంకట్రాజు చెరువు గట్టు మీది మైకులో నరసింహమూర్తిగారు పైకి వెళ్ళి నిలబడగానే, మూడ్రోజులుగా చేపపిల్లల్ని గుటకాయస్వాహా చేస్తున్న కొంగలూ నీటికాకులూ గూడబాతులూ ఒక్కసారిగా లేచి, కాలవ అవతలాయన చెరువు మీదికి పారిపోయాయి.