మూడు దాటొద్దన్న గోడ

"పగలగొట్టు ఎల్లస్వామీ! ఆ గోడల ఏం పెట్టినవో అందరం చూస్తం."

రాజేశ్వర్ రావు సమ్మెట తెప్పించి మేస్త్రి కాళ్ళ ముందు పడేయించాడు. ఖమ్మం రోడ్డు మీద ఆయన కొత్తగా కట్టించిన కోల్డ్ స్టోరేజి అది. తెల్లారితే మిర్చి బస్తాలు దిగాలి. ఇవ్వాళ పరీక్ష కోసం మిషన్లు నడిపి లోపల చల్లగా చేశారు. బయట మాత్రం మే నెల ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది. లోపలి గోడలకు థర్మాకోల్ అట్టలు వరసలుగా అంటించి, ఇనుప తీగల జాలి కొట్టి, సిమెంటు పూయించింది ఎల్లస్వామే.

"ఏమైంది సార్?" అన్నాడు ఎల్లస్వామి.

"ఏమైందా? బయటి వేడినంతా లోపలికి గుంజుతాంది నీ గోడ! లోపలికొచ్చే వేడి మూడు దాటొద్దని ఇంజనీరు గీసిన నక్షల రాసున్నది. మీటరు ఎంత చూపెడతాందో నువ్వే సూడు."

పడమటి గోడకు వేడిని కొలిచే అరచేతంత బిళ్ళ అంటించి ఉంది. దాని తీగ చివరి పెట్టెను పట్టుకుని నిలబడ్డది స్రవంతి. ఆ మీటరు తీసుకుని పొద్దునే వచ్చిన టెక్నీషియన్. పెట్టె మీద అంకెలు తొమ్మిది పాయింట్ నాలుగు దగ్గర ఆగి ఉన్నాయి.

"మూడుండాల్సిన కాడ తొమ్మిదిన్నర! మూడింతలు! నా మిర్చి తెల్లవడితే ఎవరు జవాబు చెప్తరు?"

ఎల్లస్వామి మనసులోనే లెక్క వేసుకున్నాడు. ఎటు తిప్పి ఎటు వేసినా మూడింతలు ఎట్లా అయిందో అంతు పట్టలేదు. చలిగదిలో నిలబడి కూడా వీపు మీద చెమట కారుతోంది.

"సార్, జర ఆగుండ్రి," అంది స్రవంతి నక్షలోకి వంగి చూస్తూ. "ఈ నక్షల మూడంటే బీటీయూలు. నా మీటరు వాట్లల్ల చూపెడతది. కొలతనే వేరు. మార్చి చూడాలె."

ఎల్లస్వామికి పోయిన ప్రాణం సగం వచ్చింది. ఆమె ఫోన్ మీద వేళ్ళు ఆడించింది.

"గంటకు ఒక బీటీయూ అంటే పాయింట్ రెండు తొమ్మిది మూడు వాట్లు. మూడింటికి..." అని ఆగిపోయింది. ముఖం చిన్నబోయింది. "పాయింట్ ఎనభై ఎనిమిది."

"అంటే?"

"అంటే ఒక్కటి గూడ రావొద్దు సార్. తొమ్మిది దాటింది."

"మూడింతలు కాదన్నట్టు. పదింతలు!" రాజేశ్వర్ రావు పళ్ళు పటపటా కొరికాడు.

వచ్చిన సగం ప్రాణం కూడా పోయింది ఎల్లస్వామికి. గోడ ఒకటే, వేడి ఒకటే. నిలబడ్డ చోటనే మూడింతలు పదింతలు ఎట్లా అవుతుంది? ఆ పిల్ల ఇంకోసారి లెక్క చేస్తే వందింతలు చేస్తుందేమో!

"సమ్మెట లేపుతవా, నన్నే కొట్టుమంటవా?"

ఎల్లస్వామి వంగి సమ్మెట అందుకున్నాడు. భుజం దాకా ఎత్తి, అట్లాగే ఆగాడు.

"అమ్మా, ఒక్క మాట. ఆ కాగితంల మూడు ఎంత గోడకు? సిమెంటు పూత పనికి పిలిస్తే మేం ముందుగాల గదే అడుగుతం. అడుగుల్లనా, మీటర్లల్లనా అని."

స్రవంతి కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. నాలుక కరుచుకుంది.

"చదరపు అడుగుకు! నా మీటరేమో చదరపు మీటరుకు చూపెడతాంది!"

"చదరపు మీటరు గోడంటే పది చదరపు అడుగుల మీద ముప్పావు," అన్నాడు ఎల్లస్వామి అలవాటుగా.

ఆమె ఆ పాయింట్ ఎనభై ఎనిమిదిని పదీ ముప్పావుతో గబగబా గుణించింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"సార్! తొమ్మిది పాయింట్ నాలుగు. నక్షల ఎంత రాసిండ్రో గోడ గంతే చూపెడతాంది. ఆ మూడూ ఈ తొమ్మిదిన్నరా ఒకటే. నాదే తప్పు సార్, అడుగులు మార్చుడు మర్చిపోయిన."

రాజేశ్వర్ రావు కాగితం చూశాడు, మీటరు చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. అర్థమయినట్టు లేదు. అయినా వచ్చి మేస్త్రి చేతిలోని సమ్మెట తనే అందుకుని కింద పెట్టాడు.

"మనసుల పెట్టుకోకు ఎల్లస్వామీ. రెండో గది గూడ నువ్వే కట్టాలె. నీ అసొంటి ఈమాన్‌దారు, మోసం తెల్వని మనిషి నాకు ఏడ దొర్కుతడు?"

చాయ్ తెప్పించాడు. ఎల్లస్వామి ఆ చాయ్ సగంలోనే వదిలేసి ఇంటిదారి పట్టాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య కట్టమ్మ రేకుల కింద ఉడికిపోతూ నేల మీద నీళ్ళు చల్లుతోంది. అతను కట్టే ప్రతి గోడకూ సిమెంటు మాలు కలిపి అందించేది ఆమే. జరిగిందంతా చెప్పి తల పట్టుకుని కూర్చున్నాడు.

"మంచిగనే అయింది గదా. మొఖం గట్ల పెట్టినవేంది?"

ఎల్లస్వామి గొంతు తగ్గించాడు.

"ఎట్ల అయిందో సమజ్ అయితలేదే. ఆ పడమటి గోడకు మూడు వరసల అట్టలు పెట్టాలె. నేను రెండే పెట్టిన. మన రేకుల ఇంటికి కొడదామని మూడో వరస అట్టలు దాసిపెట్టిన. అవన్నా దక్కినయా? ఆ గోడ పూత నీకు అప్పజెప్పి నేను ఘన్‌పూర్‌ల చావుకు పోయొచ్చే రెండు దినాలల్ల ఎవడో ఎత్కపోయె. మరి రెండు వరసల గోడ మూడు వరసల లెక్క ఎట్ల చూపెట్టింది?"

కట్టమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఎత్కపోయింది నేనే. ఆ గోడకే మూడో వరసగా అంటించి, జాలి కొట్టి, నువ్వొచ్చే లోపట సిమెంటు పూసిన."