అంకుల్ చేసిన పాస్తా

సాయంత్రం ఆరున్నర. సింగపూర్‌, ఆంగ్ మో కియోలో ఎనిమిదో అంతస్తు ఫ్లాటు. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. పొయ్యి ముందు హేమంత్ చెమటలు కక్కుతున్నాడు.

నలభై దాటిన మనిషి, తొమ్మిదేళ్ల పిల్ల దగ్గర పరీక్షకి వచ్చాడు మరి!

"పాప సరేనంటేనే మళ్లీ రావడం. లేదంటే ఇదే ఆఖరు" అని శర్మిల ఫోన్లోనే తేల్చి చెప్పేసింది. "దానికి పాస్తా అంటే ప్రాణం. చేసిపెట్టండి, చూద్దాం."

న్యాయమే. ఇన్నేళ్లూ ఒంటిచేత్తో పిల్లని పెంచుకుంది. ఆ ఇంట్లోకి ఓ మగమనిషి రావాలంటే పిల్ల ఒప్పుకోవద్దూ?

వారం రోజులు వీడియోలు చూశాడు హేమంత్. టమాటాలు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, నాలుగు తులసాకులు. ఇందులో బ్రహ్మవిద్య ఏముందిలే అనుకున్నాడు. తీరా చూస్తే వెల్లుల్లి బొగ్గయి కూర్చుంది.

పాప మాలిని వంటగది గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంది.

"అంకుల్, బర్న్ అయిపోయింది లా!" అంది ఆ ఊరి యాసలో.

శర్మిల పరిచయం చేసింది కూడా అంకుల్ అనే. "అంకుల్ వచ్చారు, హాయ్ చెప్పు" అంది. ఈ ఊళ్లో టాక్సీ నడిపేవాడూ అంకులే, కాఫీ పోసేవాడూ అంకులే. పేరుతో పనేముంది?

"సారీ అమ్మా, మళ్లీ వేయిస్తాను" అన్నాడు హేమంత్. మొహం కందగడ్డలా అయింది.

కవరు విప్పి రొయ్యలు బయటికి తీశాడు. పొద్దున్నే మార్కెట్‌కి వెళ్లి ఏరి ఏరి తెచ్చినవి. శర్మిల గబుక్కున లేచి వచ్చింది.

"రొయ్యలా! దానికి పడవు. ఒళ్లంతా దద్దుర్లు. నాలుగో ఏట మొహం వాచిపోయి, రెండ్రోజులు ఆస్పత్రిలో కూర్చున్నాను."

"నాకు తెలీదు శర్మిలా..."

"మీకెలా తెలుస్తుంది లెండి!"

అంతే అంది. పెద్దగా కూడా అనలేదు. హేమంత్‌కి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆ పిల్లకి ఏది పడుతుందో, ఏది పడదో కూడా తెలీకుండా గరిటె పట్టుకుని వచ్చేశాడు. సిగ్గులేని మనిషి! రొయ్యల్ని మళ్లీ కవర్లో కట్టేసి, చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు.

ఎలాగైతేనేం, పాస్తా పళ్లెంలోకి వచ్చింది. మాలిని ఫోర్కుతో చుట్టి నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్లు చిట్లించింది. హేమంత్ ఊపిరి బిగబట్టాడు.

"టూ సాల్టీ." ఇంకో ముద్ద తింది. "బట్ ఓకే లా."

ఓకే ఏమిటి, పళ్లెం ఊడ్చేసింది! మూతికంటిన టమాటా తుడుచుకుంటూ తల్లివైపు తిరిగింది.

"మమ్మీ, అంకుల్ నెక్స్ట్ సాటర్డే కూడా రావచ్చా?"

శర్మిల కిటికీలోంచి ఎదురు బ్లాకు వైపు చూస్తూ నిలబడింది.

"నీ ఇష్టం" అంది చివరికి.

గెలిచాడు. ఎగిరి గంతేయాలి నిజానికి. కానీ ఆ పిల్ల ఏమీ ఎరగనట్టు నవ్వుతుంటే తలెత్తి చూడలేకపోయాడు హేమంత్. ఇంత సులువుగా సరేనంటుందని అనుకోలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

మాలిని స్కూలు బ్యాగులోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఓ కాగితం చింపి మధ్యకి మడిచింది.

"అంకుల్, థాంక్యూ కార్డ్ చేస్తా. యువర్ నేమ్ వాట్?"

హేమంత్ కళ్ల ముందే, ఆ నోటుపుస్తకం అట్ట మీద, గుండ్రటి చేతిరాతలో పిల్ల పూర్తి పేరు రాసి ఉంది: 'మాలిని, డాటర్ ఆఫ్ హేమంత్'.