తోటకూర బోర్డు

"ఒక్క పిచ్చిమొక్క మిగిలిందేమో వెతకవోయ్!" రిటైరైన మేనేజరు బావమరిది ముందు ఛాతీ విరుచుకున్నాడు.

పదేళ్లుగా పట్టించుకోని పెరటి స్థలం, మొన్న ఆయన కొట్టిన కలుపుమందుకి మాడి మసైపోయింది. ఇంకా గింజ కూడా కొనలేదు గానీ టమాటా, వంకాయ, తోటకూర అంటూ బోర్డులు మాత్రం పాతేశాడు.

"అక్కా, బావ అసాధ్యుడే!"

"మరే" అంది ఆవిడ, బంగాళాదుంపల చెక్కు తీస్తూ. పెళ్లయిన దగ్గర్నించీ ఆయన గొప్పలన్నిటికీ ఆవిడ జవాబు అదొక్కటే.

భోజనాల దగ్గర మేనేజరు మొహం చిట్లించాడు. "ఉత్త దుంపలేనా? నువ్వెప్పుడూ చేసే ఆకుకూర ఏదీ? తమ్ముడొచ్చినా పిసినారితనమేనా? ఎక్కడ దొరుకుతుందో చెప్పు, నేనే తెస్తా."

ఆవిడ ఆయన కంచంలో ఇంకో గరిటె దుంపలు వడ్డించి, కిటికీలోంచి పెరట్లోకి చూపించింది.

"అదిగో, తోటకూర అని బోర్డు పాతారే, సరిగ్గా అక్కడే కోసేదాన్ని. పదేళ్లుగా మీరు లొట్టలేసుకుంటూ తిన్నది ఆ పిచ్చిమొక్కల్నే. మొన్న మందు కొట్టొద్దంటే, మొక్కల సంగతి నీకేం తెలుసన్నారుగా!"

బావమరిది తల వంచుకుని దుంపలు నమిలాడు.

"మరే" అన్నాడు మేనేజరు.