తట్టి చెప్పే మనిషి

గిరాకీ లేదని భూపేష్ తన బండల ఫ్యాక్టరీలో తొమ్మిది మందిని తీసేశాడు. ఎనిమిది మంది వారం తిరక్కుండానే బేతంచెర్లలోనే వేరే చోట పనిలో చేరిపోయారు. ఓబుళేశును మాత్రం ఎవరూ రానివ్వలేదు.

కారణం ఒక బాండు పేపరు. మానేసినా, మాన్పించినా మూడేళ్ల దాకా మరే బండల ఫ్యాక్టరీలోనూ జీతానికి చేరకూడదని అందులో రాసుంది. కింద ఓబుళేశు సంతకం. పక్క ఫ్యాక్టరీ రంగన్న చేర్చుకోబోతే భూపేష్ లాయరు నోటీసు పంపించాడు. తను వద్దన్న మనిషిని ఇంకొకరు వాడుకోకూడదట. ఇదెక్కడి న్యాయమో ఆ పెద్దమనిషికే తెలియాలి.

ఓబుళేశు పనితనం అలాంటిది మరి. బండను చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి, లోపల నెర్ర ఉందో లేదో చెప్పేవాడు. ఇరవై ఏళ్లుగా కర్నూలు, కడప వ్యాపారులు అతను తలూపితేనే లోడు ఎత్తించుకునేవారు. కోత మిషన్ల మోతలో అక్కడ అందరివీ చేతి సైగలే. ఆ తలూపడమే అతని మాట.

పని పోయాక ఓబుళేశు ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా భార్య నాగలక్ష్మమ్మ టీ కొట్టు పెడితే, ఆ బల్ల మీద కూర్చునేవాడు. ఎవరైనా పలకరిస్తే ఆమే జవాబిచ్చేది.

"కడుపు మండిపోయి ఉండాడప్పా. ఏమన్నా ఉంటే నాతో చెప్పు."

అలవాటుకొద్దీ వ్యాపారులు లోడు లారీని కొట్టు ముందు ఆపేవారు. ఓబుళేశు లేచి నాలుగు బండలు తట్టి, తల అడ్డంగా ఊపేవాడు. పైసా తీసుకునేవాడు కాదు కనుక బాండు అతన్నేమీ చెయ్యలేకపోయింది. లారీ తిరిగి గేటు లోపలికే పోయేది. ఆరు నెలల్లో భూపేష్ ఫ్యాక్టరీ నిండా అమ్ముడుపోని బండలే.

చివరికి కడప నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. ఆ వ్యాపారి కూడా ఓబుళేశు చూడాల్సిందేనన్నాడు. భూపేష్ బాండు పేపరు పట్టుకుని, ఆ వ్యాపారినీ లోడు లారీనీ వెంటబెట్టుకుని టీ కొట్టు దగ్గరికొచ్చాడు.

"అక్కా, తప్పు నాదే. దీన్ని చించేస్తాండా. అన్నను ఈ ఒక్క లోడూ సరే అనమను" అని ఆమెను పక్కకు పిలిచి బతిమాలి, పేపరు నాలుగు ముక్కలు చేశాడు.

నాగలక్ష్మమ్మ మొగుడి భుజం తట్టి, ముక్కలు చూపించి, లారీ వైపు చెయ్యి చాపింది.

ఓబుళేశు సుత్తి తీసుకున్నాడు. తొందరపడలేదు. ఒక్కో బండా తట్టాడు, చెవి ఆనించాడు, కళ్లు మూసుకున్నాడు. భూపేష్ చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ చెమటలు చూస్తుంటే ఓబుళేశు కడుపుమంట చల్లబడింది.

"అన్నిట్లోనూ నెర్ర ఉండాది" అన్నాడు, ఇన్నాళ్లకు నోరు తెరిచి.

వ్యాపారి ఆర్డరు రంగన్నకు ఇచ్చి వెళ్లిపోయాడు. బాండు పీడ వదిలింది కాబట్టి రంగన్న ఆ సాయంత్రమే ఓబుళేశును రెట్టింపు జీతానికి పనిలో పెట్టుకున్నాడు.

కోత మిషన్ల మోతకు ఓబుళేశు చెవులు రెండూ పూర్తిగా పోయి అప్పటికే రెండేళ్లయిందని, నాగలక్ష్మమ్మకు తప్ప బేతంచెర్లలో ఇంకెవరికీ తెలియదు.